పాత ఇంటికి కొత్త గొట్టాలు

2021 నవంబరు మూడవ వారంలో తిరుపతి పట్టణాన్ని, చుట్టుపక్కల గ్రామాలను ఎడతెగని వానలు ముంచెత్తినవి. శేషాచలం కొండలమీద పడ్డ నీరు ఏరులై వీధులలోనికి దిగింది. స్వర్ణముఖి పొంగింది. వరద తీసిన తరువాత జనం ఇళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆ రోజులలోనే తిరుపతి శ్రీకృష్ణానగర్‌లోని ఒక ఇంటి ఆవరణలో, సిమెంటు వరలతో కట్టిన నీళ్ళ సంపును ఒక గృహిణి లోపలికి దిగి శుభ్రం చేస్తుండగా, ఆ సంపు సంపుగానే భూమిలోనుంచి పైకి లేచింది. అది చాలా అడుగుల ఎత్తున స్తంభంలాగా నిలబడిపోయింది. అదృష్టవశాత్తు ఆమె ప్రాణాపాయం లేకుండా బయటపడింది. ఆ వింత చూడడానికి జనం గుంపులుగా వచ్చారు.

చూడడానికి వింతే గాని, దీని కారణం ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉన్నది. నీటిలో మునిగిన ప్రతి వస్తువుమీద, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైవైపుకు పనిచేస్తుందని ఆర్కిమిడీస్ సూత్రం. మామూలు రోజులలో సంపు చుట్టూ ఉండేది మన్ను గాని నీరు గాదు. కాని రోజుల తరబడి వాన కురిసి, మన్ను రేణువుల నడుమనున్న ఖాళీలన్నీ నీటితో నిండి, భూగర్భ జలమట్టం నేలకు సమానంగా వచ్చినప్పుడు, సంపు నీటిలో మునిగిన పాత్రతో సమానమే.

ఒక లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. వెలుపలి వ్యాసం 1.2 మీటర్లు, లోతు 6 మీటర్లు ఉన్న సంపును ఉదాహరణగా తీసుకోవచ్చు. అది ఆక్రమించే చోటు సుమారు 6.8 ఘనపు మీటర్లు. కనుక దానిమీద పైకి పనిచేసే బలం 6,800 కిలోల బరువుకు సమానం. వరల మందం 5 సెంటీమీటర్లనుకుంటే, వరలు, అడుగు పలక కలిసి 2,900 కిలోలు తూగుతాయి. సంపు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీటి బరువు మరి 5,700 కిలోలు. మొత్తం 8,600 కిలోలు గనుక సంపు కదలదు. శుభ్రం చేయడానికి నీళ్ళన్నీ తోడివేస్తే మిగిలేది 2,900 కిలోలే. ఇప్పుడు పైకి నెట్టే బలం దాదాపు 3,900 కిలోలు ఎక్కువ. దానిని ఆపవలసినది చుట్టూ ఉన్న మన్ను పట్టు మాత్రమే. నానిన మన్నుకు ఆ పట్టు సడలిపోతుంది. ఇక పడవకు, సంపుకు భేదం లేదు.

ఈ సంపు లేవకుండా ఉండడానికి లోపల కనీసం ఎంత ఎత్తున నీరు ఉండాలి? విద్యార్థులు లెక్క కట్టవచ్చు. మన్ను పట్టును పూర్తిగా విడిచిపెడితే 4 మీటర్లకు కొంచెం పైగా వస్తుంది. తరగతిలో చూపించడానికి ఒక బకెట్టు, ఇసుక, ప్లాస్టిక్ గ్లాసు చాలు. ఖాళీ గ్లాసును అంచు దాకా ఇసుకలో పూడ్చి, ఇసుక మునిగేదాకా నీళ్ళు పోసి, బకెట్టును పక్కనుంచి మెల్లగా తట్టితే గ్లాసు పైకి తేలివస్తుంది. గ్లాసులో నీళ్ళు పోసి మళ్ళీ చేస్తే అది కూర్చున్నచోటనే కూర్చుంటుంది.

ఆచరణలో దీని అర్థం ఇది. వాన కాలంలో, అందులోను చిత్తూరు ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనం తెచ్చే అక్టోబరు–డిసెంబరు వానలలో, లోతైన సంపును పూర్తిగా ఖాళీ చేయరాదు. దగ్గరలో బావి ఉంటే దానిలో నీటిమట్టం బాగా దిగినదాకా ఆగవలె. కొత్తగా కట్టించేవారు అడుగు పలకను వరల అంచుకంటె ఒక జానెడు వెలుపలికి చాపించడం మేలు. ఆ అంచుమీద కూర్చున్న మన్ను సంపును కిందికి అదిమిపెడుతుంది. అందుకయ్యే ఖర్చు ఒకటి రెండు బస్తాల సిమెంటు.

ఇంటిలోని నీటి ఏర్పాట్లన్నిటికీ ఈ గుణం ఉన్నది. బలాలు, వాయువులు కంటికి కనబడనిచోట పనిచేస్తూ ఉంటాయి. పాత ఇంటిని బాగుచేయించేటప్పుడు జనం నేలకు పరిచే రాతి రంగు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. గోడలోపల పోయే గొట్టం ఏదో మేస్త్రీనే అడగరు. అయితే నేలరాయి పగిలితే కనిపిస్తుంది. గోడలో గొట్టం పగిలిన సంగతి సున్నం ఉబ్బి రాలినదాకా తెలియదు.

మిద్దెమీది బరువు

సంపులోని నీరు మోటారుతో మిద్దెమీది తొట్టికి ఎక్కుతుంది. ఒక లీటరు నీరు ఒక కిలో. కనుక 1,000 లీటర్ల తొట్టి నిండితే టన్ను బరువు. అది కూర్చునే చోటు సుమారు ఒక చదరపు మీటరు. మనుషులు ఎక్కి తిరగడానికి కట్టే కప్పులకు ఇంజనీర్లు సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్క వేస్తారు. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంనాటి ఇళ్ళలో మద్రాసు మిద్దెలు నేటికీ కొన్ని ఉన్నవి. టేకు దూలాలమీద ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నపు గచ్చుతో కట్టినవి అవి. అట్టి కప్పు నడుమ తొట్టిని పెట్టడం దూలాన్ని విరగగొట్టుకోవడమే. రెండు గోడలమీద ఇనుప దూలాలు వేసి, వాటిమీద తొట్టిని నిలిపితే బరువు నేరుగా గోడలగుండా పునాదికి దిగుతుంది.

తొట్టి ఎంత ఎత్తున ఉన్నదో అంతే పీడనం. నీటి స్తంభం 10 మీటర్లుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. తొట్టి పెద్దదైనందువల్ల పీడనం పెరగదు, ఎత్తైనందువల్లనే పెరుగుతుంది. పై అంతస్తులో స్నానాల గది జల్లుకు, తొట్టిలోని నీటిమట్టానికి మధ్య 3 మీటర్లుంటే దొరికేది 0.3 కిలో. దుకాణంలో మెరిసే వెడల్పాటి జల్లులు కొన్ని ఒక కిలో పీడనం ఉంటే తప్ప సరిగా కురియవు. అది తెలియక కొని, తరువాత ప్లంబరును తిట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నవి.

ఎత్తు పెంచలేనప్పుడు గొట్టం వ్యాసం పెంచవచ్చు. గొట్టంలో పోయే నీరు రాపిడివల్ల పీడనాన్ని కోల్పోతుంది. అదే ప్రవాహానికి వ్యాసం సగమైతే ఈ నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలు కాదు, సుమారు 30 రెట్లవుతుంది. కనుక తొట్టినుంచి దిగే పెద్దగొట్టం విషయంలో అర అంగుళం పొదుపు చేయడం తెలివి కాదు. గొట్టం మధ్యలో వంతెనలాగా పైకి లేచి మళ్ళీ దిగితే, ఆ మలుపులో గాలి చిక్కుకుని నీటికి అడ్డుపడుతుంది. ఎత్తు తక్కువైన ఇళ్ళలో కొళాయి ఉన్నట్టుండి ఆగిపోవడానికి తరచు ఇదే కారణం.

పురపాలక సంఘం కొళాయి గొట్టానికి నేరుగా మోటారు తగిలించి నీరు లాగడం నిబంధనలకు విరుద్ధం. ఇది పొరుగువారి వాటాను లాగుకోవడం మాత్రమే కాదు. మోటారు పీల్చినప్పుడు వీధి గొట్టంలో పీడనం వాతావరణ పీడనంకంటె తగ్గిపోతుంది. అప్పుడు గొట్టానికి ఎక్కడ సన్నని చీలిక ఉన్నా, పక్కనున్న మురికికాలువ నీరు దానిగుండా లోపలికి చేరుతుంది. ఇంటిలోనూ ఇట్టి ప్రమాదమే ఉన్నది. బకెట్టులోని సబ్బునీటిలో మునిగివున్న రబ్బరు గొట్టం, తొట్టి ఖాళీ అయినప్పుడు, ఆ నీటిని వెనక్కు పీల్చగలదు. కొళాయి మూతికి, కింది పాత్ర అంచుకు నడుమ కొంత గాలి ఖాళీ విడవమనడం అందుకే.

నీటి గుణం, గొట్టం గుణం

తిరుపతికి 1977లో చంద్రగిరి సమీపాన కల్యాణి నదిమీద కట్టిన ఆనకట్టనుంచి నీరు వస్తుంది. కండలేరు జలాశయంనుంచి తెలుగుగంగ నీరు కూడా అందుతున్నది. వాన నీరు కొండలమీదినుంచి దిగి జలాశయంలో నిలిచినది గనుక దానిలో కరిగిన ఖనిజాలు సాధారణంగా తక్కువ. చిత్తూరు వైపు నల్లరాతి నేలలలో లోతుగా తవ్విన బోరు నీటి సంగతి వేరు. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగరాదు. దీనినే కఠినజలం అంటారు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చు. ఫ్లోరైడుకు ఈ హద్దులు 1.0, 1.5 మిల్లీగ్రాములు. కాచితే ఫ్లోరైడు పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని పాలు పెరుగుతుంది కూడా. బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించి, ఆ కాగితం చేతపట్టుకుని గొట్టాలు, హీటరు కొనడం తెలివైన పద్ధతి.

పాత ఇళ్ళలో జస్తా పూత పూసిన ఇనుప గొట్టాలు ఉంటాయి. పూత అరిగినచోట తుప్పు పడుతుంది, తుప్పుమీద ఉప్పు పేరుకుంటుంది. అర అంగుళం గొట్టం కోసి చూస్తే పెన్సిలు దూరే సందు మాత్రమే మిగిలివున్న సందర్భాలు కలవు. వాటికి బదులుగా నేడు ప్లాస్టిక్ గొట్టాలు వేస్తున్నారు. ఇందులో ఒక తేడా తప్పక తెలిసివుండాలి. మామూలు పి.వి.సి. గొట్టం చల్లనీటికే పనికివస్తుంది. 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన నీటికి దానిని వాడరాదు, మెత్తబడి అతుకులు వదలుతాయి. వేడినీటికి సి.పి.వి.సి. అనే వేరు రకం ఉన్నది. దీనిలో క్లోరిన్ పాలు ఎక్కువ గనుక సుమారు 90 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మొదటిదానికి భారత ప్రమాణం 4985, రెండవదానికి 15778 అనే సంఖ్యలు గొట్టంమీద అచ్చువేసి ఉంటాయి. రెండింటికీ వేర్వేరు జిగురు. ఒకదాని జిగురు మరొకదానికి పూస్తే అతుకు ఆ రోజుకు నిలుస్తుంది.

ప్లాస్టిక్ గొట్టం వేడికి ఇనుముకంటె ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 3 మీటర్ల వేడినీటి గొట్టం, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే, దాదాపు 8 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. దానిని రెండు కొసలా సిమెంటుతో బిగిస్తే అది సాగడానికి చోటు లేక మూల అతుకును నెట్టి పగలగొడుతుంది. రైలు పట్టాల మధ్య సందు విడవడం చదువుకున్న విద్యార్థికి ఈ విషయం చెప్పనక్కరలేదు. గోడ మూసే ముందు గొట్టాలన్నిటి నోళ్ళు బిగించి, చేతిపంపుతో మామూలు పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, కొన్ని గంటలు పీడనమాపకం ముల్లు దిగకుండా ఉన్నదేమో చూడాలి. ఆ పరీక్ష ముగిసినదాకా మేస్త్రీని పూత పూయనివ్వరాదు. గొట్టాలు పోయిన దారిని ఫొటో తీసి ఉంచుకుంటే, పదేళ్ళ తరువాత మేకు కొట్టేవారికి మేలు చేసినట్లవుతుంది.

వేడినీటి సంగతి

పెద్ద కాగులో నీళ్ళుపోసి కట్టెలతో కాచుకున్న కాలంలో పొగ తప్ప వేరు భయం లేదు. మూత తెరిచిన పాత్రలో నీరు 100 డిగ్రీలు దాటదు, ఆవిరి తన దారిన తాను పోతుంది. మూసిన పాత్రలో కాచడం మొదలుపెట్టిన తరువాతనే కొత్త చిక్కులు వచ్చినవి.

25 లీటర్ల విద్యుత్ హీటరులో నీటిని 25 డిగ్రీలనుంచి 60 డిగ్రీలకు తేవడానికి 875 కిలో కేలరీలు కావాలి. అంటే సుమారు ఒక యూనిట్ విద్యుత్తు. 2 కిలోవాట్ల హీటరు ఈ పనిని అరగంటలో చేస్తుంది. ఈ అరగంటలో మరొక మార్పు కూడా జరుగుతుంది. నీరు వ్యాకోచించి 25 లీటర్లు కాస్త 25 లీటర్ల 350 మిల్లీలీటర్లవుతుంది. ఈ అదనపు గ్లాసెడు నీరు ఎక్కడికి పోతుంది? మిద్దెమీది తొట్టినుంచి నేరుగా దిగే గొట్టమైతే వచ్చిన దారినే వెనక్కు జరుగుతుంది. కాని ఇల్లు బాగుచేసేటప్పుడు చాలామంది పీడనం పెంచే పంపును, దానితోపాటు నీటిని ఒకవైపే పోనిచ్చే కవాటాన్ని బిగిస్తారు. అప్పుడు వెనక్కు పోయే దారి మూసుకుపోతుంది. నీటిని అణచడం అసాధ్యం గనుక పీడనమంతా హీటరు గోడలమీద పడుతుంది. హీటరు కింద బొట్టుబొట్టుగా నీరు కార్చే భద్రతా కవాటం ఉన్నది ఇందుకే. బొట్లు పడుతున్నవని దానికి బిరడా బిగించేవారు ఉన్నారు. ప్రాణాలను కాపాడే ఒకే ఒక రంధ్రాన్ని వారు మూస్తున్నారు. ఉష్ణోగ్రతను అదుపుచేసే థర్మోస్టాటు కూడా చెడిపోయిన రోజున లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా పీడనంవల్ల మరగక ద్రవంగానే ఉంటుంది. పాత్ర పగిలిన క్షణాన దానిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు సుమారు 1,700 లీటర్ల ఆవిరి. దీనికి తట్టుకునే గోడ స్నానాల గదికి ఉండదు.

కఠినజలం ఉన్న ఇళ్ళలో హీటరుకు మరొక శత్రువు తోడు. నీరు వేడెక్కినప్పుడు దానిలోని కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్ గారగా అంటుకుంటుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం ఉన్న నీటిని రోజుకు 100 లీటర్లు కాచే ఇంటిలో, రోజుకు 30 గ్రాముల చొప్పున సంవత్సరానికి దాదాపు 11 కిలోల సున్నపురాయి ఆ నీటిలో వస్తున్నది. 60 డిగ్రీలలో అంతా పేరుకోదు గాని, పేరుకున్న కొద్దిపాటి పొర చాలు. లోహంకంటె ఎన్నో రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేసే ఆ పొర కడ్డీకి కంబళి కప్పినట్లుంటుంది. లోపలి తీగె కాలి, పై గొట్టం చిట్లి, విద్యుత్తు నీటిలోనికి దిగే అవకాశం ఏర్పడుతుంది. థర్మోస్టాటును 60కి బదులు 50 డిగ్రీలవద్ద ఉంచితే గార తగ్గుతుందన్నది నిజమే. అయితే తొట్టిలో నీరు నిలవ ఉండే హీటర్లకు మరీ తక్కువ ఉష్ణోగ్రత కొన్ని సూక్ష్మజీవులకు అనుకూలం. కనుక 60 డిగ్రీలు ఉంచి, ఏడాదికొకసారి కడ్డీని తీయించి గార గీకించడమే సరియైన పని.

విద్యుత్తు నీటిలోనికి దిగినప్పుడు మనిషిని కాపాడేది భూసంధానం. పాత ఇళ్ళలో మూడవ తీగె ప్లగ్గుదాకా వచ్చి అక్కడ ఆగిపోయి ఉంటుంది. పూర్వం ఇనుప నీటి గొట్టానికే ఆ తీగెను చుట్టేవారు. గొట్టాలను ప్లాస్టిక్‌గా మార్చిన రోజున ఆ భూసంధానం తెగిపోతుంది, ఎవరికీ తెలియదు. పాత గొట్టాలు తీసివేసే ప్రతి ఇంటిలోనూ ముందుగా చూడవలసినది ఇది. దీనికి తోడుగా 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినంతనే సరఫరాను తెంపే రక్షకాన్ని మీటరుపెట్టె దగ్గర అమర్చవలె. బకెట్టులో ముంచే కడ్డీ హీటరును ఇనుప బకెట్టులో పెట్టడం, స్విచ్చి వేసివుండగా నీరు కాగిందేమోనని వేలు ముంచి చూడడం ప్రాణాంతకం. కొత్తగా 3 కిలోవాట్ల హీటరు పెట్టేవారు ఇంటికి మంజూరైన లోడు దానికి సరిపోతుందేమో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో కనుక్కోవాలి. తిరుపతి, చిత్తూరులకు తిరుపతిలోనే కేంద్ర కార్యాలయమున్న దక్షిణ ప్రాంత సంస్థ సరఫరా చేస్తున్నది.

గ్యాసుతో పనిచేసే హీటరు చవక, నీటిని వెంటనే వేడి చేస్తుంది. కాని దానిని స్నానాల గదిలోపల పెట్టడం గాలితో జూదమాడడం. ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా మండడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. 12 కిలోవాట్ల హీటరు పది నిమిషాలలో 160 గ్రాములకు తక్కువ కాకుండా మండిస్తుంది. అంటే 2 ఘనపు మీటర్ల గాలి. చిన్న స్నానాల గది మొత్తం ఘనపరిమాణం ఏడెనిమిది ఘనపు మీటర్లు. పావు వంతు గాలి ఖర్చయి, మిగిలినదానిలో ఆక్సిజన్ తగ్గేసరికి మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హెమోగ్లోబిన్ ఆక్సిజన్‌నుకంటె దీనిని 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, నిస్సత్తువ వచ్చేసరికే గడియ తీసే ఓపిక పోతుంది. హీటరు గది వెలుపల, గాలి ఆడేచోట ఉండాలి. గొట్టం ద్వారా వేడినీరు మాత్రమే లోపలికి రావాలి. కిటికీ కొంచెం తెరిచి ఉంచుతామనడం దీనికి సమాధానం కాదు, చలిరోజున ఆ కిటికీ మూసే ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఎండకు కొరత లేదు. 2002లో తిరుమలలో అన్నప్రసాదం వండడానికి 106 పరావలయ దర్పణాలతో, రోజుకు 4,000 కిలోల ఆవిరిని పుట్టించే సౌర ఏర్పాటును నెలకొల్పారు. ఇంటికి అంత అవసరం లేదు. 100 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి కావలసినది సుమారు 4 యూనిట్లు. బాగా ఎండకాసే రోజున 2 చదరపు మీటర్ల నల్లపలక దానిని సమకూరుస్తుంది. పలకను దక్షిణానికి తిప్పి, అక్షాంశానికి కొంచెం ఎక్కువగా వాల్చాలి. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు గనుక 20, 25 డిగ్రీల వాలు శీతాకాలపు ఎండకు అనుకూలం. వేడెక్కిన నీరు తేలికై పైకి, చల్లనీరు బరువై కిందికి తమంతట తామే తిరుగుతాయి. పంపు అవసరం లేదు. అందుకే వేడినీటి తొట్టి అడుగు, పలక పై అంచుకంటె ఒక అడుగైనా ఎత్తున ఉండాలి. ఈ ఒక్క అడుగు తప్పితే రాత్రిపూట ప్రవాహం తిరగబడి, పగలంతా కాచిన నీటిని చల్లబరుస్తుంది. బోరు నీరు వాడే ఇంటిలో పలకలోని సన్నని రాగి గొట్టాలు గారతో పూడుతాయి. అక్కడ పలకలో తిరిగే నీటిని వేరుగా ఉంచి, వాడుకునే నీటిని దాని వేడితో కాచే రకం కొనడం మంచిది. దాని వెల ఎక్కువ.

వాడిన నీరు

స్నానాల గది నేలలోని జాలీ కింద వంపుగా ఉండే గిన్నెలో ఎప్పుడూ 5 సెంటీమీటర్ల నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరే తలుపు. మురికి గొట్టంలోని వాయువులను, పురుగులను ఇంటిలోనికి రానివ్వదు. ఎక్కువ రోజులు ఇల్లు తాళం వేస్తే ఆ నీరు ఎండి తలుపు తెరుచుకుంటుంది. నాలుగు చెంబుల నీళ్ళు పోస్తే దుర్వాసన పోతుంది. మురికి గొట్టాన్ని మిద్దెపైదాకా తీసి గాలిగొట్టంగా విడవకపోతే, పై అంతస్తులో నీరు ఒక్కసారి దిగినప్పుడు కింది గిన్నెలలోని నీటిని అది పీల్చివేస్తుంది.

భూగర్భ మురుగు కాలువ అందుబాటులో ఉన్నచోట ఇంటి గొట్టాన్ని దానికే కలపాలి. లేనిచోట సెప్టిక్ ట్యాంకు. ఐదుగురున్న ఇంటికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటరు వెడల్పు, ఒక మీటరు నీటిలోతు చాలునని భారత ప్రమాణం 2470 చెబుతుంది. దానినుంచి వెలువడే నీటిని ఇంకించే గుంత, తాగునీటి బావికి గాని బోరుకు గాని 18 మీటర్ల లోపున, ఇంటికి 6 మీటర్ల లోపున ఉండరాదు. తిరుపతి పాతవీధుల ఇరుకు స్థలాలలో 18 మీటర్లు దొరకడం కష్టం. అట్టిచోట రెండింటిలో ఒకదానిని వదులుకోవలసిందే. వదులుకోవలసినది బోరు. కొత్త బోరు వేయడానికి 2002నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి. వాననీటిని ఇంకించే గుంతను సెప్టిక్ ట్యాంకు గుంతతో కలపడం ఇంకొక సాధారణమైన తప్పు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన కురిసేచోట 100 చదరపు మీటర్ల మిద్దె 70,000 లీటర్ల పైచిలుకు మంచినీటిని నేలకు ఇవ్వగలదు. దానిని మురికితో కలిపి పంపడం దేనికి?

2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరం గ్రామంలోని ఒక కోళ్ళ హేచరీలో వ్యర్థజలాల తొట్టిని శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు ఊపిరాడక పడిపోయారు. ఏడుగురు చనిపోయారు. ఇట్టి తొట్టిలో గాలి తగలక కుళ్ళిన మురికినుంచి మీథేను, కార్బన్ డైఆక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువు గనుక అడుగున నిలుస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎక్కువ మోతాదులో అది వాసన పసిగట్టే శక్తినే చంపుతుందన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. వాసన రావడం లేదు గనుక ఫరవాలేదనుకుని మనిషి దిగుతాడు. పడిపోయినవానిని తీయడానికి రెండవవాడు, అతని కోసం మూడవవాడు దిగుతారు. దీపం దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ తక్కువైతే చెబుతుంది గాని విషవాయువును చెప్పదు, మీథేను ఉంటే పేలుడుకు కూడా దారితీస్తుంది.

2013లో వచ్చిన చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపడాన్ని నిషేధించింది. ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మరణం సంభవిస్తే 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. ట్యాంకును కట్టేటప్పుడే, వీధిలో నిలిచే పీల్చుడు యంత్రపు గొట్టం అందేచోట మూత పెట్టించి, రెండు మూడేళ్ళకొకసారి ఆ యంత్రంతోనే తీయించాలి. ఇల్లు బాగుచేయించేవారు తరచుగా ఈ మూతమీదనే అందమైన రాళ్ళు పరిచి దానిని కనబడకుండా చేస్తారు. ఆ రాళ్ళలో ఒకదానిని ఎత్తడానికి వీలుగా, అతకకుండా వదలిపెట్టమని మేస్త్రీకి ముందే చెప్పాలి.